కలది ఏ ఊరు?

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందన్న మాట వినని ఇల్లు కడపలో గానీ కర్నూలులో గానీ ఉండదు. మొదటి జాములో వచ్చిన కల ఏడాదికి గానీ ఫలించదనీ, రాత్రి గడిచే కొద్దీ గడువు తగ్గుతుందనీ, కోడి కూసే వేళ కన్నది రోజుల్లోనే జరిగి తీరుతుందనీ పెద్దలు లెక్క చెబుతారు. పంచాంగంలో బల్లిపాటు ఫలితాలతో పాటు స్వప్న ఫలితాలూ ఉంటాయి. పాము కనిపిస్తే ఒకటి, పళ్లు ఊడితే ఇంకొకటి, కలలో పెళ్లి జరిగితే చావు కబురు. ఈ లెక్కలో ఒక మంచి పరిశీలన దాగి ఉందని ముందే ఒప్పుకోవాలి. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటి ఉందని కనిపెట్టారు. ఆ దశలో లేపిన మనిషి చాలాసార్లు కల చెబుతాడు. సుమారు గంటన్నరకోసారి తిరిగి వచ్చే ఈ రెమ్ నిద్ర మొదట్లో కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారే కొద్దీ పొడవు పెరుగుతుంది. అందుకే తెల్లవారుజాము కలలు పొడుగ్గా, రంగులతో, కథలాగా ఉంటాయి. వాటి మధ్యలోనే మెలకువ వస్తుంది కాబట్టి గుర్తూ ఉంటాయి. పెద్దలు చూసింది సరిగ్గానే చూశారు, దానికి పెట్టిన అర్థంలోనే పొరపాటు జరిగింది. కొత్త మనిషి ఊళ్లో అడుగుపెడితే సీమలో మొదట అడిగేది "ఏ ఊరప్పా మీది?" అని. కలను మాత్రం మనం ఆ మాట అడగం. "ఏం జరగబోతోంది?" అని అడుగుతాం. ఈ రెండో ప్రశ్న మనకు చాలా నష్టం చేసిందనీ, మొదటి ప్రశ్న అడిగితేనే కల మనకు ఉపయోగపడుతుందనీ నా వాదన.

కల ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే అందమైన ఉదాహరణ ఈ గడ్డ మీదే ఉంది. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో 1408లో పుట్టిన అన్నమయ్య కథను ఆయన మనవడు చిన్నన్న ద్విపద కావ్యంగా చెప్పాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఇల్లు విడిచి, యాత్రికుల వెంట పడి తిరుమలకు నడిచాడు. మోకాళ్ల పర్వతం చేరేసరికి ఆకలీ అలసటా కమ్ముకుని వెదురు పొద కింద సొమ్మసిల్లాడు. ఆ మగతలో అలమేలుమంగమ్మ పెద్ద ముత్తైదువగా కనిపించి, చెప్పులు విడిచి కొండ ఎక్కమని చెప్పి, ప్రసాదం తినిపించింది. లేచిన పిల్లవాడు శతకం చెప్పాడని ప్రతీతి. ఈ కథను ఒక్కసారి నిదానంగా చూడండి. ఆకలితో పడిపోయిన బిడ్డ ముందుకు అన్నం పెట్టే తల్లి వచ్చింది. ఇల్లు వదిలి వచ్చిన బిడ్డ కాబట్టి అమ్మలాంటి మనిషే వచ్చింది. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ చెవిన పడిన కొండ మర్యాద ఆమె నోట మందలింపుగా వచ్చింది. ఆ పిల్లవాడి కడుపులో, గుండెలో, చెవుల్లో ఉన్నవే ఆ దర్శనంలో ఉన్నాయి. మంత్రాలయంలో 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి జీవితంలోనూ ఇలాంటి ఘట్టమే చెబుతారు. అప్పటికి ఆయన వేంకటనాథుడనే పండితుడు, పేదరికంలో భార్యాబిడ్డలతో సంసారం ఈదుతున్న గృహస్థు. పీఠం స్వీకరించమని గురువు సుధీంద్రతీర్థులు అడిగితే సంసారాన్ని విడిచి రాలేనన్నాడు. ఆ తర్వాత ఒక రాత్రి సరస్వతి కలలో కనిపించి, ఇది నీ బాధ్యత అని చెప్పింది. పగలంతా మనసును రెండుగా చీల్చిన ప్రశ్నకు రాత్రి సమాధానం దొరికింది.

భక్తులకు ఈ మాట కష్టంగా తోచవచ్చు. అమ్మవారి దర్శనాన్ని కడుపాకలిగా తేల్చేస్తున్నారా అని అడగవచ్చు. అది నా ఉద్దేశం కాదు. దేవుడే పలికాడని నమ్మేవారు నమ్మవచ్చు. ఆ దేవుడు ఆ పిల్లవాడి ఆకలి భాషలోనే పలికాడన్నది మాత్రం కథలోనే ఉంది. తిక్కన భారతం మొదలుపెట్టే ముందు ఆయన కలలో కనిపించింది తండ్రి కొమ్మన. కళింగ దండయాత్రకు వెళ్తున్న కృష్ణదేవరాయలకు శ్రీకాకుళంలో కనిపించిన ఆంధ్ర మహావిష్ణువు ఆయనను అడిగింది తెలుగు కావ్యం. కవితలో మునిగిన రాజుకు కవిత గురించే కల వచ్చింది. ఇవి కావ్య సంప్రదాయాలు మాత్రమే, నిజంగా వచ్చిన కలలు కావని పండితులు కొందరు అంటారు. అదే నిజమైనా నా వాదనకు నష్టం లేదు, ఎవరికి ఏ కల రావడం సహజమో ఆ కవులకు బాగా తెలుసునని మాత్రమే దాని అర్థం. గణిత సూత్రాలు నామక్కల్ నామగిరి అమ్మవారు కలలో చెబుతుందని శ్రీనివాస రామానుజన్ అనేవాడు. ఆ గుడి మెట్లు ఎక్కిన వేలాది మందిలో ఆ సూత్రాలు ఆయన నిద్రలోకే ఎందుకు వచ్చాయి? పలక మీద పగలూ రాత్రీ లెక్కలు చేసినవాడు ఆయనే గనుక.

కలను పుట్టుకను బట్టి చూడటం పడమటి దేశాల నుంచి అరువు తెచ్చుకున్న పద్ధతి కూడా కాదు. చరక సంహిత ఇంద్రియస్థానంలో కలలను ఏడు రకాలుగా విడదీశారు: చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేవి సూచించేవి, వాత పిత్త కఫ దోషాల వల్ల పుట్టినవి. ఇందులో మొదటి ఐదింటికీ ఫలితం ఉండదని వైద్యుడికి స్పష్టంగా చెప్పారు. ఆ అధ్యాయం మరణ సూచనల గురించినది, భవిష్యత్తు చెప్పే కల ఒకటి ఉందని కూడా అందులో ఒప్పుకున్నారు. అయినా ఏడింటిలో ఐదు పగటి బతుకు నుంచే వస్తాయనీ, ఒకటి ఒంటి నుంచి వస్తుందనీ అంత పాత గ్రంథం చెబితే, మన పంచాంగాలు ఆ ఆరింటినీ వదిలేసి మిగిలిన ఒక్కదాన్నే పట్టుకున్నాయి. కడప పెద్ద దర్గా చుట్టుపక్కల పెరిగిన ముస్లిం కుటుంబాలకు హదీసుల్లోని వర్గీకరణ తెలిసే ఉంటుంది. దేవుడిచ్చే శుభవార్త ఒకటి, షైతాను పెట్టే భయం ఒకటి, మనిషి తన మనసుతో తాను చెప్పుకునే ముచ్చట ఒకటి. మూడోదాన్ని గుర్తించడం చిన్న విషయం కాదు.

ఇక ఇప్పటి ఆధారాలు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో వందల కుటుంబాలు వజ్రాల కోసం తిరుగుతాయి. ఎర్రనేలలో వాన కడిగిన రాళ్ల మధ్య మెరుపు కోసం పొద్దస్తమానం తల వంచి వెతికిన మనిషి కళ్లు మూసుకుంటే ఏం కనబడుతుంది? 2000లో హార్వర్డ్‌లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం అచ్చం ఇలాంటి ప్రశ్నే అడిగింది. 27 మంది చేత రోజుల తరబడి టెట్రిస్ ఆట ఆడించి, నిద్ర పట్టే వేళ ఏం కనబడుతోందని అడిగితే, 17 మంది పైనుంచి రాలిపడే ఆ ముక్కలే కనిపిస్తున్నాయన్నారు. ఆ 27 మందిలో ఐదుగురు మెదడు దెబ్బతిని కొత్త జ్ఞాపకాలు నిలవనివారు. ఆట ఆడిన సంగతే వాళ్లకు గుర్తుండదు. అయినా వాళ్లలో ముగ్గురికి ఆ ముక్కలు కనిపించాయి. మేలుకున్న మనిషి మరిచిపోయినదాన్ని కూడా నిద్ర మరవలేదన్నమాట. అంతకు ముందే, 1994లో, విల్సన్, మెక్‌నాటన్ ఎలుకల మెదడులో నాడీకణాల కదలికను నమోదు చేసి, పగలు ఎలుక నడిచిన దారిలో కలిసి పలికిన కణాలే నిద్రలోనూ కలిసి పలుకుతున్నాయని చూపించారు. ఇంకో సాక్ష్యం నాకు వీటన్నిటికంటే బలంగా తోస్తుంది. పుట్టుకతో చూపు లేనివారి కలల్లో బొమ్మలు ఉండవు. గొంతులు, స్పర్శ, వాసన, రుచి ఉంటాయి. ఏడెనిమిదేళ్లు చూసి ఆ తర్వాత చూపు పోగొట్టుకున్నవారి కలల్లో బొమ్మలు వస్తూనే ఉంటాయి. కల బయటి నుంచి వచ్చే సందేశమైతే, పంపేవాడికి చూపు లేని మనిషికి ఒక్క దృశ్యమైనా చూపించడం కష్టమా? కల తన సరుకంతా ఆ మనిషి బతుకులోంచే తెచ్చుకుంటుంది.

దీనికి శాస్త్రవేత్తల వైపు నుంచే ఒక అభ్యంతరం ఉంది. 1977లో అలన్ హాబ్సన్, రాబర్ట్ మెకార్లీ ఇలా వాదించారు: రెమ్ నిద్రలో మెదడు కాండం నుంచి అడ్డదిడ్డంగా సంకేతాలు పైకి ఎగసి వస్తాయి, పై మెదడు వాటిని ఎలాగో అతికించి కథ అల్లుతుంది, అదే కల. 1983లో ఫ్రాన్సిస్ క్రిక్, గ్రేమ్ మిచిసన్ ఇంకో అడుగు ముందుకు వేసి, మెదడు అక్కరలేని అల్లికలను ఊడ్చిపారేసే పనిలో లేచే దుమ్మే కల అన్నారు. దుమ్మే అయితే దాని ఊరు అడగటంలో అర్థమేముంది? ఇది తేలిగ్గా తీసేయదగ్గ అభ్యంతరం కాదు. అయితే ఇంట్లో లేచే దుమ్ము కూడా ఆ ఇంటిదే. సంకేతం ఎంత గుడ్డిగా వచ్చినా, దాన్ని కథగా అల్లే చెయ్యి ఆ మనిషిది, వాడిన నూలు ఆ మనిషిది. అమెరికాలో కాల్విన్ హాల్ వేలాది కలలను పోగుచేసి మనుషులు, చోట్లు, గొడవలు, భయాలు లెక్కపెట్టించాడు. ఏ మనిషి కలలు ఆ మనిషి బెంగల చుట్టూ తిరుగుతాయనీ, ఏళ్లు గడిచినా ఆ తీరు పెద్దగా మారదనీ తేలింది. ఉట్టి చెత్త ఏళ్ల తరబడి ఒకే తీరులో పడదు. కల అంటే తీరని కోరిక అన్న ఫ్రాయిడ్ మాట ఇక్కడే వీగిపోతుంది. ఆ లెక్కల్లో అదృష్టం కంటే ఆపద, నెయ్యం కంటే కయ్యం ఎక్కువ. కోరికలే కలలైతే రాత్రుళ్లు ఇంత భయంగా ఉండవు.

మరి ఈ భయం దేనికి? ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఆంటీ రెవోన్సువో 2000లో ఒక సమాధానం ఇచ్చాడు. కల ఆపదను ఎదుర్కొనే సాధన అనీ, అడవి మృగాల మధ్య బతికిన మనిషికి నిద్రలోనే పారిపోవడం నేర్పిన బడి అనీ అన్నాడు. ఆయన సహచరులు ఉత్తర ఇరాక్‌లో హింస మధ్య పెరిగిన కుర్దు పిల్లల కలలనూ, ప్రశాంతంగా పెరిగిన ఫిన్లాండ్ పిల్లల కలలనూ పోల్చి చూశారు. కుర్దు పిల్లల కలల్లో ఆపదలు ఎక్కువగా, ఘోరంగా ఉన్నాయి. ఈ సంగతి చదివినప్పుడు ఫ్యాక్షన్ రోజుల్లో కర్నూలు, కడప పల్లెల్లో బాంబుల చప్పుడు మధ్య నిద్రపోయిన పిల్లలు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? వాళ్లిప్పుడు నడివయసు తల్లిదండ్రులు. ఆ రాత్రుల గురించి వాళ్లను మనం ఏనాడూ అడగలేదు. అయితే రెవోన్సువో మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. తరిమితే కాళ్లు కదలకపోవడం, అరిస్తే గొంతు రాకపోవడం నేర్చుకోదగ్గ సాధన కాదు. కల చేసే పని నాకు ఇంకోలా కనిపిస్తుంది. రెమ్ నిద్రలో మెదడులో నార్‌అడ్రినలిన్ అనే రసాయనం దాదాపు అడుగంటుతుంది. ఒంట్లో గాబరా పుట్టించేది అదే. గాబరా లేని స్థితిలో గాయపడిన జ్ఞాపకాన్ని మళ్లీ మళ్లీ తిరగేస్తే, జ్ఞాపకం మిగులుతుంది, అందులోని సలుపు తగ్గుతుందని మాథ్యూ వాకర్ వంటి పరిశోధకులు వాదిస్తున్నారు. తెలుగు భాషకు ఈ సంబంధం ఎప్పుడో తెలుసేమో. నిద్రలో మాట్లాడితే కలవరింత, మేలుకుని కంగారుపడితే కలవరం.

కల ఇంత పని చేస్తే పొద్దున్నే మరిచిపోతామెందుకని అడగవచ్చు. తిన్న అన్నం ఎలా అరిగిందో గుర్తుండదు, అయినా ఒంటికి పడుతుంది. మెదడు పని కూడా అంతే, మనం గుర్తుంచుకోవాలన్న షరతు దానికి లేదు. గుర్తుండే కల నిజానికి పని మధ్యలో మెలకువ వచ్చి ఆగిపోయిన కల. ఇక్కడ సీమ ఎండల సంగతి ఒకటి చెప్పాలి. రెమ్ నిద్రలో ఒళ్లు తన వేడిని తాను సర్దుకునే శక్తిని చాలావరకు వదిలేస్తుంది. గది ఉడికిపోతుంటే ఆ నిద్ర నిలవదు, తెగిపోతుంది. బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన మిద్దె కింద మే నెలలో పడుకునేవాళ్లకు ఇది ఒంటితో తెలిసిన విషయమే. పగలు తాగిన ఎండను రాయి రాత్రంతా కక్కుతుంది. మిద్దె మీద నీళ్లు చల్లి, మంచాలు ఆరుబయట వేసుకునే అలవాటు సుఖం కోసం మాత్రమే కాదు, కలల పని ఆగకుండా కాపాడేది కూడా అదే. ఆరుబయలు లేని రేకుల షెడ్డులో నాలుగు నెలలు నిద్ర తెగిన కూలీ మనిషి చిరాకును, మతిమరుపును మనం స్వభావం కింద లెక్కేస్తున్నాం.

"ఇన్ని చెప్పారు, మరి నిజమైన కలల సంగతేమిటి?" అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఎవరో పోయినట్టు కల వచ్చింది, మర్నాడే కబురు వచ్చింది. ఇలాంటివి నిజంగానే జరుగుతాయి, చెప్పేవాళ్లు అబద్ధాలాడటం లేదు. లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో దాదాపు 69 లక్షల మంది ఉన్నారు. మనిషికి రాత్రికి ఒక్క కలే అనుకున్నా ఏడాదికి 250 కోట్ల కలలు. లక్షలో ఒక్కటి మర్నాటి సంగతితో కలిసినా, ఈ రెండు జిల్లాల్లో ప్రతి ఉదయం 69 మంది నిర్ఘాంతపోయి నిద్ర లేవాలి. ఆ 69 కలలూ ఊరంతా తిరుగుతాయి. తప్పిపోయిన 68 లక్షల పైచిలుకు కలలను ఎవరూ చెప్పుకోరు. పైగా మంచం పట్టిన తండ్రి గురించి బెంగపడే కూతురికి ఆయన పోయినట్టు కల రావడంలో జోస్యం లేదు. ఆమె పగటి భయమే అది.

ఫలితం అడిగే అలవాటు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. 1565లో విజయనగరం కూలాక రాయల సొమ్మంతా ఈ కొండల్లోనే దాచారన్న నమ్మకం సీమలో బలంగా ఉంది. నిధి కలలో కనబడిందన్న ఒక్క మాట మీద పాత గుళ్లలో నందులను పగలగొట్టి, గర్భగుడిని తవ్విపోసే మనుషులున్నారు. వందల ఏళ్ల శిల్పం ఒక్క రాత్రిలో ముక్కలవుతుంది. ప్రభుత్వాలు కూడా ఈ ఆశకు అతీతం కావు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా డౌండియాఖేడాలో, వెయ్యి టన్నుల బంగారం ఉందని ఒక సాధువుకు కల వచ్చిన తర్వాత, కేంద్ర పురావస్తు శాఖే పలుగు పట్టింది. కుండపెంకులు దొరికాయి, బంగారం దొరకలేదు. 2017 చివర తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి కోసం సర్కారు అనుమతితోనే తవ్వారు. అక్కడా బంగారం లేదు.

గుడి రాళ్ల నష్టం కంటికి కనబడుతుంది. మనుషుల నష్టం కనబడదు. రెమ్ నిద్రలో కల ప్రకారం ఒళ్లు కదలకుండా మెదడు కండరాలకు తాళం వేస్తుంది. ఒక్కోసారి మెలకువ ముందు వచ్చి తాళం తర్వాత తెరుచుకుంటుంది. కళ్లు తెరిచి ఉంటాయి, వేలు కూడా కదలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఊపిరాడదు. ఆ నిమిషం అనుభవించిన పిల్లను దయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం ఇప్పటికీ జరుగుతోంది. పిల్లవాడు దడుసుకున్నాడని తాయెత్తు కట్టించే తల్లిని నేను తప్పు పట్టను, ఆమె చేతిలో ఉన్న ఓదార్పు అదే. కానీ ఏం చూసి దడుసుకున్నావని ఆ పిల్లవాణ్ని అడిగేవాళ్లు ఒకరైనా ఉండాలి. బడిలో దెబ్బలా, ఇంట్లో తాగుడా, ఇంకేదైనా చెప్పుకోలేనిదా, ఆ కలే మొదటి ఫిర్యాదు కావచ్చు.

రైతుల విషయంలో ఇది ప్రాణాలకు సంబంధించిన మాట. ఫిన్లాండ్‌లో 36 వేల మందికి పైగా మనుషులను ఏళ్ల తరబడి గమనించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, తరచూ పీడకలలు వచ్చేవారిలో ఆత్మహత్య ముప్పు, అవి రానివారితో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉంది. వేసిన ప్రతి బోరులో దుమ్మే లేచిన రైతు, పత్తికొండ మార్కెట్లో టమోటా ధర పడిపోయి గంపలు రోడ్డు మీద పారబోసిన రైతు పగలు అప్పుల మాట ఎత్తడు. మర్యాద అడ్డం వస్తుంది. నిద్ర సరిగా పడుతోందా, ఎలాంటి కలలు వస్తున్నాయి అని అడిగితే చెబుతాడు, ఎందుకంటే కల చెప్పుకోవడం మన ఊళ్లలో సిగ్గుపడే విషయం కాదు. ఆశా కార్యకర్త గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గానీ ఈ ఒక్క ప్రశ్న అడగటానికి మందులు అక్కరలేదు, యంత్రాలు అక్కరలేదు. జవాబు భయపెట్టేలా ఉంటే 14416 నంబరులో టెలీ మానస్ ఉంది, జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు.

పీడకలకు వైద్యం కూడా ఉంది. అత్యాచారానికి గురై ఏళ్ల తరబడి పీడకలలతో నలిగిన స్త్రీలతో బారీ క్రాకోవ్ అనే వైద్యుడు చేసి, 2001లో ఫలితాలు వెల్లడించిన పద్ధతి అది. పగటిపూట, మెలకువలో, ఆ కలను చెప్పాలి లేదా రాయాలి. తర్వాత దాన్ని తనకు నచ్చినట్టు మార్చుకోవాలి. మార్చిన కలను రోజూ కొద్ది నిమిషాలు కళ్లు మూసుకుని మనసులో నడిపించుకోవాలి. కొన్ని వారాల్లో పీడకలలు తగ్గాయి, నిద్ర కుదుటపడింది. ఎండిన బోరు పక్కన ఒంటరిగా నిలబడ్డ కల ప్రతి రాత్రీ వచ్చే రైతు, ఆ బోరులో నీళ్లు పడినట్టే మార్చుకోవాలని లేదు. తమ్ముడు వచ్చి భుజం మీద చెయ్యి వేసినట్టు, ఇద్దరూ గట్టు దిగి ఇంటి దారి పట్టినట్టు మార్చుకున్నా చాలు.